తలలో గండం, మెడలో ఇంజక్షన్

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చిన పాఠం.)



కార్యదర్శి గారు "ఆరోగ్యం మీద ఏవైనా నాలుగు ముక్కలు చెప్పండి డాక్టరు గారూ" అన్నారు. షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పుల గురించి ఈ వేదిక మీద ఇప్పటికే చాలామంది మాట్లాడారు. వాటి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక విషయం చెబుతాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేసిన నేను ఇందులో ఒక పెద్ద తప్పు చేశాను. అది కూడా దాచకుండా చెబుతాను.

2019 కార్తీక మాసం. మా చెల్లెలు టీచరుగా రిటైరైన మనిషి, అప్పటికి అరవై దాటాయి. తెల్లవారుజామున స్నానానికి బకెట్టు ఎత్తబోతుంటే తల వెనక ఎవరో రోకలితో కొట్టినట్టయింది. "అన్నయ్యా, ఇలాంటి నొప్పి జన్మలో ఎరగను" అని నాకు ఫోను చేసింది. ఆవిడకి పాతికేళ్ళుగా పార్శ్వపు నొప్పి ఉంది. నేను "చలిలో తలస్నానం చేశావు కదా, మాత్ర వేసుకుని పడుకో" అన్నాను. ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కూడా గ్యాసు అని ఒక ఇంజక్షన్ చేసి పంపించాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయనకు ఆవిడ కొత్త, నాకు కాదు. "జన్మలో ఎరగను" అన్న మాట ఆవిడ నాతో అన్నది. ఆ మాట చాలు, ఇంకేమీ అడగకుండా స్కానుకి పంపాల్సింది. వైద్య కళాశాలలో పిల్లలకు ఈ పాఠమే చెప్పిన వాణ్ణి నేను.

మర్నాడు వాంతులు, మెడ వంగకపోవడం, మగత. అప్పుడు పట్నం తీసుకువెళ్ళి సి.టి. స్కాన్ తీయిస్తే మెదడు చుట్టూ నెత్తురు.

అదేమిటో కొంచెం వివరిస్తాను. మెదడు అడుగున రక్తనాళాలు ఒక చక్రంలా కలుస్తాయి. 1664లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు దాన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే దానికి ఉంది. ఆ నాళాలు చీలే మలుపుల దగ్గర ఒక్కొక్కరికి గోడ పలచబడి, పాత సైకిల్ ట్యూబు మీద బుగ్గ లేచినట్టు ఉబ్బుతుంది. దాన్ని ఎన్యూరిజమ్ అంటారు. పెద్దవాళ్ళలో నూటికి సుమారు ముగ్గురికి అలాంటి బుగ్గ ఉండవచ్చు, వారిలో చాలామందికి అది జీవితాంతం చిట్లదు. కాబట్టి ఇంటికి వెళ్ళగానే మనవళ్ళతో సహా అందరికీ స్కానులు తీయించనక్కరలేదు. ఒకే కుటుంబంలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల వరుసలో ఇద్దరికో అంతకంటే ఎక్కువమందికో వచ్చి ఉంటే మాత్రం డాక్టరుని అడగాలి. బి.పి. అదుపులో లేనివారికి, చుట్టా బీడీ సిగరెట్టు కాల్చేవారికి ముప్పు ఎక్కువ. మగవారికంటే ఆడవారికి ఎక్కువగా వస్తుంది.

బుగ్గ ఒకసారి చిట్లితే మళ్ళీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. ఆ 24 గంటలు మా చెల్లెలు నా సలహా మీద ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంది. అది మళ్ళీ చిట్లకపోవడం మా అదృష్టమే, నా తెలివి ఏమీ లేదు.

బుగ్గని మూయడానికి ఇప్పుడు రెండు మార్గాలున్నాయి. ఒకటి పుర్రె తెరిచి దాని మెడకు చిన్న క్లిప్పు పెట్టడం. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ మొదట ఈ పని చేశాడు. రెండోది గజ్జలోంచో మణికట్టులోంచో సన్నని గొట్టం పంపి, బుగ్గలో ప్లాటినం తీగ చుట్టలు నింపడం. 1990ల మొదట్లో గుగ్లియెల్మీ అనే డాక్టరు పేరుతో వచ్చిన పద్ధతి ఇది. మా చెల్లెలికి మూడో రోజున తీగ చుట్టలు పెట్టారు. బాగా జరిగింది. బయటికి వచ్చి డాక్టరు చెప్పగానే మా వాళ్ళందరూ దేవుడికి దండం పెట్టుకుని, ఫోన్లలో అందరికీ "గండం గడిచింది" అని చెప్పేశారు.

నేను చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ జబ్బులో రెండో గండం ఒకటుంది. మన పెన్షనరు కుటుంబాల్లో ఎక్కువమందికి తెలియనిది అదే. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నదీ దాని గురించే.

నెత్తురు నాళంలో ఉన్నంతసేపే దానికి మర్యాద. బయటికి చిమ్మి మెదడు చుట్టూ గడ్డకట్టి విరుగుతున్నప్పుడు, దానిలోంచి వచ్చే పదార్థాలు పక్కనున్న మంచి రక్తనాళాలను కూడా రెచ్చగొడతాయి. అవి బిగుసుకుని సన్నబడతాయి. దీన్ని వాసోస్పాజమ్ అంటారు. 1951లో ఎకర్, రీమెన్‌ష్నైడర్ అనే ఇద్దరు దీన్ని ఎక్స్‌రే చిత్రాల్లో చూపించారు. నెత్తురు చిమ్మిన మూడు నాలుగు రోజులకు మొదలై, ఏడు నుంచి పది రోజుల మధ్య ముదిరి, రెండు వారాలకు సద్దుమణుగుతుంది. చిత్రం తీస్తే మూడింట రెండు వంతుల మందిలో కొంతైనా కనబడుతుంది. సుమారు మూడో వంతు మందికి దానివల్ల కాలో చెయ్యో మాటో తెలివో దెబ్బతింటుంది. మనలో వ్యవసాయం ఎరిగిన వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇలా చెబుతాను. బుగ్గ మూయడం అంటే కాలువ గట్టుకి పడ్డ గండి పూడ్చడం. గండి పూడ్చాక కాలువలో ఒండ్రు పేరుకుంటే చివరి మడికి నీరందదు. గండి పూడింది కదా అని మనం ఇంటికొచ్చి పడుకుంటాం, అక్కడ చివరి మడి ఎండిపోతుంటుంది.

అందుకే తీగ చుట్టలు పెట్టాక కూడా రెండు వారాలు ఐ.సి.యు.లోనో దాని పక్కనో ఉంచుతారు. "ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, మరి ఇంకా ఎందుకు పంపరు, బిల్లు కోసమేనా" అని చాలామంది దెబ్బలాడతారు. బిల్లుల సంగతి నేను సమర్థించను గాని, ఆ రోజులు మాత్రం అవసరమే.

మా బావగారు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. చదువు టెన్త్ వరకే. కాని ఆయన చేసిన పని ఏ డాక్టరూ చేయలేదు. ఒక నోటుబుక్కు కొని వేబిల్లు రాసినట్టు గీతలు గీశారు. లోపలికి రానిచ్చిన ప్రతిసారీ టైము వేసి, మాట్లాడిందా, ఏ చెయ్యి ఎత్తింది, ఏ కాలు కదిపింది, ఏమడిగింది అని రాసేవారు. ఎనిమిదో రోజు ఉదయం పుస్తకం నా చేతికిచ్చి "బావగారూ, ఈ పూట ఈవిడ నన్ను తిన్నారా అని అడగలేదు" అన్నారు. నర్సు చూస్తే బి.పి. బాగుంది, కళ్ళు తెరుస్తోంది, పేరు చెబుతోంది. కాని అడిగినదానికి తప్ప మాట్లాడటం లేదు. నలభై ఏళ్ళుగా రోజూ అడిగే మాట అడగలేదు. డాక్టరుని పిలిచి చూపిస్తే ఎడమకాలు మంచం మీంచి ఎత్తలేకపోతోంది. ఆవిడ బుగ్గ మెదడు ముందు భాగంలో, రెండు వైపుల నాళాలను కలిపే చోట ఉంది. అక్కడి నాళాలు బిగిస్తే కాలు బలహీనపడుతుంది, మనిషికి మాట్లాడాలన్న కోరిక చచ్చిపోతుంది. పుస్తకంలో రాసి ఉన్నది అదే. ఆవిడ మొగుడు కనిపెట్టినదీ అదే.

దీనికి మందులు ఏమున్నాయి? గట్టిగా రుజువైనది నిమోడిపిన్ ఒక్కటే. నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాముల చొప్పున 21 రోజులు. 1989లో బ్రిటన్‌లో 554 మంది మీద చేసిన పరీక్షలో, మందు ఇచ్చినవారిలో నూటికి 22 మందికి మెదడులో రక్తం అందక కొంత భాగం చచ్చుబడితే, ఇవ్వనివారిలో 33 మందికి అలా అయింది. అర్ధరాత్రి లేపి మరీ వేస్తారు. "పాపం నిద్రపోతోంది, పొద్దున వేద్దాం" అనకండి. నర్సు మరచిపోతే మీరే గుర్తు చేయండి. కొందరికి ఈ మందుతో బి.పి. పడిపోతుంది, అప్పుడు మోతాదు మార్చేది డాక్టరు.

ఈ నిమోడిపిన్‌లో ఒక వింత ఉంది. చిత్రం తీసి చూస్తే నాళం పెద్దగా వెడల్పైనట్టు కనబడదు, కాని మనిషి బాగుపడతాడు. తరువాత క్లాజోసెంటాన్ అనే మరో మందు వచ్చింది. దాంతో చిత్రంలో నాళాలు చక్కగా తెరుచుకున్నాయి. 2011లో ప్రకటించిన పెద్ద పరీక్షలో మాత్రం మనుషుల పరిస్థితి మెరుగుపడలేదు. జపాన్ 2022లో ఆ మందుకి అనుమతి ఇచ్చింది, అది వేరే సంగతి. మెగ్నీషియం అన్నారు, కొలెస్ట్రాల్ మాత్ర అన్నారు, రెండూ పెద్ద పరీక్షల్లో నిలవలేదు. చిత్రం బాగుపడటం, మనిషి బాగుపడటం ఒకటి కావు. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

నిమోడిపిన్ నడుస్తుండగానే మా చెల్లెలికి కాలు పడింది. వెంటనే మందులతో బి.పి. పెంచారు. బుగ్గ మూసేశారు కాబట్టి పెంచవచ్చు. కాలువ ఇరుకైనప్పుడు పైనుంచి ఎక్కువ నీరు వదలడం లాంటిది. సాయంత్రానికి కొంచెమే తేడా. అప్పుడు అక్కడి మత్తు డాక్టరమ్మ, మా అమ్మాయి వయసుది, నా దగ్గరికి వచ్చి "సార్, స్టెల్లేట్ గ్యాంగ్లియన్ బ్లాక్ చేద్దామనుకుంటున్నాం, ఒప్పుకుంటారా" అని అడిగింది.

ఆ బ్లాక్ నా చేతి మీదుగా ఎన్నో జరిగాయి. మెడ కింది భాగంలో, మొదటి పక్కటెముక మొదట్లో, నక్షత్రం ఆకారంలో ఒక నాడుల ముడి ఉంటుంది. సింపథెటిక్ నాడులు అక్కడినుంచి తలకు, చేతికి వెళతాయి. పేరు సానుభూతి గాని వాటికి అది బొత్తిగా లేదు. భయం వేస్తే చెమటలు పట్టించేవీ, వెంట్రుకలు నిక్కబొడిపించేవీ, రక్తనాళాలను బిగించేవీ అవే. ఆ ముడి చుట్టూ మత్తుమందు పెడితే బిగింపు సడలుతుంది. 1850ల్లోనే ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్ కుందేలు మెడలో ఆ నరం కోస్తే ఆ వైపు చెవి వెచ్చబడిందని చూపించాడు. మా రోజుల్లో అల్ట్రాసౌండ్ లేదు. గొంతు పక్కన వేలితో తడిమి, ఎముక బొడిపె తగలగానే సూది దించేవాళ్ళం. చేతికి రక్తం ఆడక వేళ్ళు నల్లబడుతున్నవారికి, దెబ్బ తగిలిన చెయ్యి నెలల తరబడి మంటపెట్టేవారికి చేసేవాళ్ళం. మెదడు కోసం నేనెప్పుడూ చేయలేదు.

మెదడు కోసం చేయడం పూర్తిగా కొత్త ఆలోచన కూడా కాదు. 1930ల్లోనే ఫ్రాన్సులో పక్షవాతానికి వాడి చూశారు, తరువాత వదిలేశారు. ఈ వాసోస్పాజమ్ విషయంలో 2003లో తొమ్మిది మంది మీద చేసి చూసిన ఫలితం ఒక వైద్య పత్రికలో వచ్చింది. నాళం వెడల్పు మారకపోయినా మెదడుకు రక్తం అందడం మెరుగుపడిందని రాశారు. 2011లో ఢిల్లీ ఎయిమ్స్ మత్తు డాక్టర్లు పదిహేను మందికి చేసి, నాళంలో రక్తం పరుగు తగ్గిందని చూపించారు. ఇక్కడ పరుగు తగ్గడం మంచి గుర్తు. గొట్టం నొక్కితే నీరు జోరుగా చిమ్ముతుంది కదా, వదిలితే నెమ్మదిస్తుంది. కణత మీద డాప్లర్ పరికరం పెట్టి ఈ వేగం కొలుస్తారు. చండీగఢ్‌లోనూ, చైనాలోనూ ఆ తరువాత ఇంకొన్ని ప్రయోగాలు జరిగాయి.

అన్నీ చిన్నవే. అంటే ఆ డాక్టరమ్మ నాకు చూపిస్తున్నది చాలావరకు చిత్రమూ, వేగమూ. మనిషి ఆరు నెలల తరువాత నడుస్తాడా, తన లెక్కలు తాను చూసుకుంటాడా అన్నదానికి గట్టి జవాబు లేదు. నేను ఆ మాటే అడిగాను. ఆ అమ్మాయి తడుముకోకుండా "లేదు సార్, రుజువు కాలేదు. కాని గొట్టం పంపి లోపల మందు పెట్టడానికి ముందు ఇది మంచం దగ్గరే చేయొచ్చు, గంటలో తెలుస్తుంది. ఇది చేస్తున్నామని మిగతావి ఆపం" అంది. నాకు ఆ జవాబు నచ్చింది. "గ్యారంటీ" అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

అయినా నా చెయ్యి వణికింది. ఇతరుల చేత సంతకాలు పెట్టించుకున్న ముప్పై ఏళ్ళలో, సంతకం పెట్టేవాడి ఇటుపక్క ఇలా ఉంటుందని నాకు తెలియదు. బావగారు "మీరేమంటే అది" అన్నారు. మొదటిసారి నా మాట విని ఒక రోజు పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇలాంటప్పుడు మీరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. రక్తం పలచబడే మందులు నడుస్తున్నాయా? నడుస్తుంటే మెడలో నెత్తురు గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అల్ట్రాసౌండ్ చూస్తూ చేస్తారా? ఆ ముడి పక్కనే మెదడుకు వెళ్ళే పెద్ద నాళాలు ఉంటాయి. మందు పొరపాటున వాటిలోకి వెళితే ఫిట్స్ వస్తాయి. కిందికి జారితే ఊపిరితిత్తికి సూది తగలొచ్చు. రెండు వైపులా ఒకేసారి చేస్తారా? చేయకూడదు, రెండు వైపుల ఊపిరి నరాలూ మొద్దుబారితే శ్వాస కష్టం. చేసిన తరువాత గొంతు బొంగురుపోతే భయం లేదు, కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. కాని ఆ లోపల మంచినీళ్ళు, కొబ్బరినీళ్ళు పట్టకండి, పొరమారుతుంది. ప్రేమకొద్దీ మనవాళ్ళు చేసే పని అదే.

కుడివైపు చేశారు. పది నిమిషాల్లో కుడి కనురెప్ప వాలింది, కంటిపాప చిన్నదైంది, ఆ వైపు ముక్కు దిబ్బడేసింది. దీన్ని హార్నర్ లక్షణం అంటారు, బ్లాక్ పడిందనడానికి గుర్తు. డాప్లర్‌లో వేగం తగ్గింది. మేం కొంచెం తెరిపిన పడ్డాం.

రాత్రి పదకొండు గంటలకు ఫోను. "కంటిపాపలు రెండూ సమానంగా లేవు, ఎడమది పెద్దగా ఉంది, స్కానుకి తీసుకెళుతున్నాం." తలలో ఒత్తిడి పెరిగితే ఒక కంటిపాప పెద్దదవుతుంది. ఐ.సి.యు.లో నర్సులు అన్నిటికంటే భయపడేది దానికే. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, ఎడమది మామూలుగానే ఉంది, కుడిది బ్లాక్ వల్ల చిన్నదై ఉంది. దీపాలు తగ్గించేసరికి తేడా ఇంకా ఎక్కువగా కనబడింది. ఫైల్లో రాసే ఉంది, డ్యూటీ మారేటప్పుడు నోటితో చెప్పలేదు. స్కాను బాగానే వచ్చింది. ఆ నర్సమ్మ నన్ను చూసి కంగారుపడుతుంటే "నువ్వు చేసిందే సరైన పనమ్మా" అన్నాను. తెలియనప్పుడు భయపడటమే మంచిది. నేను నవంబరులో ఒక ఉదయం భయపడి ఉంటే ఎంత బాగుండేది. మర్నాడు బావగారు తన నోటుబుక్కులోంచి కాగితం చించి, "కుడి కంటికి బ్లాక్ ఇచ్చారు. కుడి పాప చిన్నగా ఉంటుంది" అని పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు అంటించారు. డాక్టరమ్మ దాన్ని తీయనివ్వలేదు.

బ్లాక్ పని కొన్ని గంటలే. మర్నాడు మళ్ళీ ఒకసారి చేశారు. పదో రోజు సాయంత్రం మా చెల్లెలు బావగారి వైపు చూసి "ఏమండీ, తిన్నారా" అంది. ఆయన తినలేదు. తిన్నానని చెప్పారు.

ఇది బ్లాక్ మహిమేనా అని మీరడిగితే, తెలియదనే నా జవాబు. బి.పి. పెంచారు, నిమోడిపిన్ ఆపలేదు, రోజులు గడిచాయి, పదో రోజు తరువాత బిగింపు దానంతటదే సడలడం కూడా మామూలే. ఏది ఎంత చేసిందో ఒక్క మనిషిని చూసి చెప్పలేం. ఎవరైనా వచ్చి "మెడలో ఇంజక్షన్ చేస్తే మెదడు జబ్బు పోతుందట, మాకూ చేయండి" అంటే అది తప్పు. డాక్టరు ఎదురుగా నిలబడి అన్నీ విప్పి చెప్పి చేద్దామంటే "మెడలో సూదా, వద్దు బాబోయ్" అనడమూ సరికాదు. ఇది నిమోడిపిన్‌కు బదులు కాదు, పక్కన నిలబడే సాయం.

మా చెల్లెలు ఇప్పుడు నడుస్తుంది, ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. చీటీల లెక్కలు ఒక్కొక్కసారి తప్పుతాయి. బావగారు సరిదిద్దుతారు, ఆవిడ ఒప్పుకోదు. బి.పి. మాత్ర రోజూ పొద్దున ఏడింటికి నేనే ఫోను చేసి గుర్తు చేస్తాను. ఆవిడకి అది విసుగు.

ఇంకో రెండు సంగతులు. జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి నిమిషంలో పూర్తి స్థాయికి చేరితే, అది పార్శ్వపు నొప్పి పాతికేళ్ళుగా ఉన్నవారికైనా సరే, ఆస్పిరిన్ వేయకండి, ఏ డాక్టరు బంధువుకీ ఫోను చేసి కూర్చోకండి. 108కి ఫోను చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. మొదటి గంటల్లో తీస్తే నెత్తురు దాదాపు తప్పకుండా కనబడుతుంది, ఆలస్యమయ్యే కొద్దీ కనబడటం తగ్గుతుంది. పగలైనా రాత్రైనా నాకు ఫోను చేసే మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. దీనికి మాత్రం ముందు 108, తరువాత నేను.

రెండోది, బావగారి నోటుబుక్కు నా దగ్గరే ఉంది, ఇవాళ తెచ్చాను. గీతలు ఎలా గీశారో చూడదలచినవారు టీ విరామంలో నా దగ్గరికి రండి.